ఖర్చు తగ్గింది సరే... ఆ బకెట్టు ఎవరు మోస్తున్నారు?



పైన వీడియో చూసే ఉంటారు. అనంతపురం జిల్లాలో మా పక్కూరి అన్న పొలంలో తీసింది. వానలకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి, అదే మనం పీఎండీఎస్ అంటున్నాం కదా, దాని గురించి అన్న చాలా బాగా చెప్పాడు. విత్తన గుళికలు ఎట్లా చేసుకోవాలి, ఎన్ని రకాలు కలపాలి, కసువు ఎంత మందం పరచాలి, అన్నీ వివరంగా ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా చూడండి.

వీడియో పెట్టిన రోజు రాత్రి ఇంట్లో కూర్చుని మళ్లీ ఒకసారి చూసుకున్నాను. అప్పుడు ఒక సంగతి కనపడింది. అన్న మాట్లాడుతున్నంతసేపూ వెనకాల వదిన డ్రమ్ము దగ్గర నుంచి చేలోకి, చేలో నుంచి డ్రమ్ము దగ్గరికి ద్రవజీవామృతం బకెట్లు మోస్తూనే ఉంది. లెక్కపెట్టాను. కెమెరా ముందు నుంచి 9 సార్లు పోయింది. ఒక్కసారి కూడా నేను కెమెరా అటు తిప్పలేదు.

అడగలేదని కాదు. మొదట్లోనే "వదినా, మీరూ రెండు మాటలు చెప్పండి" అన్నాను. "నాకు మాట్లాడేకి రాదులే అబ్బీ, ఆయన్నే అడుగు" అని బకెట్టు తీసుకుని పోయింది. నేనూ అంతటితో వదిలేశాను. మనం అందరం చేసేది అదే కదా.

వారం తర్వాత కెమెరా లేకుండా పోయాను. వదిన కలుపు తీసి గెనిమ మీద కూర్చుని ఉంటే, పక్కన కూర్చుని ఒక గంట మాట్లాడాను. ఈ రాత అక్కడి నుంచి పుట్టింది. వాతావరణం మారుతోంది, పంటలు పోతున్నాయి, ప్రకృతి సేద్యమే దారి అని మనం రోజూ చెప్పుకుంటున్నాం. ఆ దారిలో మూట ఎవరి నెత్తిన ఉందో మాత్రం చూసుకోవడం లేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఆడవాళ్ల పనిని లెక్కలో వేయకుండా, వాళ్ల పేరు కాగితంలో ఎక్కించకుండా మనం చేస్తున్న ఈ సేద్యం మారిపోతున్న వాతావరణం ముందు ఎక్కువ కాలం నిలబడదు.

2023 గుర్తుందా?

ఆ ఏడాది ఆగస్టు ఎట్లా గడిచిందో మన రాయలసీమ రైతుకు చెప్పక్కర్లేదు. దేశం మొత్తానికి 1901 నుంచి లెక్కలు ఉంటే, వాటిలో అంత వట్టిపోయిన ఆగస్టు ఇంకొకటి లేదు. మా దగ్గర చెనిక్కాయ పూత మీద, ఊడలు దిగే సమయంలో ఉంది. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేసింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఒక నెల పోతే ఇక మిగిలేదేముంది?

వదినా వాళ్లకు 3 ఎకరాలు. ఆ ఏడు చెనిక్కాయ విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదు. కానీ ఇంట్లో తిండికి ఇబ్బంది పడలేదంది. ఎట్లా అని అడిగాను.

"ఆయన సేనంతా చెనిక్కాయే వేస్తామన్నాడు. నాలుగు సాళ్లన్నా నాకు ఇడిసిపెట్టు అని కొట్లాడినా. మా అమ్మగారింటి సద్దలు, అలసందలు, అనుములు, కందులు కుండలో పెట్టుకోనుంటి. అవి వేసినా. చెనిక్కాయ ఎండిపోయినా సద్ద నిలబడింది. అలసంద కాయలు సంక్రాంతి దాకా కోసుకున్యాం."

వీడియోలో అన్న ఇదే సంగతి చెప్పాడు. "మేం పంటలు కలిపి వేశాం, అందుకే నిలబడ్డాం" అన్నాడు. అబద్ధమేమీ లేదు. కానీ ఆ "మేం" వెనక వదిన పడిన కొట్లాట ఉంది, వాళ్లమ్మ ఇచ్చిన విత్తనం ఉంది, బూడిద, వేపాకు కలిపి ఏడేడు నెలలు పురుగు పట్టకుండా కాపాడిన పని ఉంది. వీడియోలో అవేవీ రాలేదు.

అదే ఏడాది డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన లేక పోయిన ఏడాదే అక్కడ కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. ఒకే రాష్ట్రం, ఒకే సంవత్సరం. వాతావరణ మార్పు అంటే ఎక్కడో మంచు కరగడం అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఏడాది చాలు.

తుఫాను పోయాక పంట నష్టం రాసుకోవడానికి వస్తారు. హెక్టారుకు ఇంత అని పొలం లెక్కన రాస్తారు. చేతిలో కౌలు కార్డు లేని కౌలు రైతు పేరు ఆ జాబితాలో చేరడమే కష్టం. ఇక ఆ వరి కోత మీద, కుప్ప నూర్పు మీద ఆశ పెట్టుకున్న కూలి ఆడవాళ్లు? పోయిన 20 రోజుల కూలికి ఆ కాగితంలో గడి లేదు. ఆ ఇంట్లో పండగకి బియ్యం తప్ప ఇంకేం కొనుక్కుంటారో ఎవరూ అడగరు.

ఇది మన ఊళ్లలోనే కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. పేద, మధ్యాదాయ దేశాల పల్లెల్ని చూస్తే, ఆడవాళ్లు నడిపే కుటుంబాలు ఎండ వేడి వల్ల మగవాళ్లు నడిపే కుటుంబాల కన్నా 8 శాతం ఎక్కువ ఆదాయం పోగొట్టుకుంటున్నాయి. వరదల వల్ల 3 శాతం ఎక్కువ. ఎండ అందరికీ ఒకటే కదా, నష్టం ఎందుకు తేడా? భూమి తక్కువ, నీటి వసతి తక్కువ, అప్పు పుట్టదు, సలహా చెప్పేవాడు ఆమె దగ్గరికి రాడు. పైగా ఇంటి పని వదిలి దూరం పోయి కూలి చేసుకునే వీలుండదు.

మా దగ్గర వానలు పోతే మగవాళ్లు బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఆదోని, మంత్రాలయం వైపు అయితే కుటుంబాలు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు పోతాయి. మగమనిషి పోతే ఊళ్లో మిగిలేది ఆడమనిషి, ముసలోళ్లు, పిల్లలు, పశువులు, ఆ ఎండిన చేను. సేద్యం మొత్తం ఆమె మీద పడుతుంది. పాసు పుస్తకం మాత్రం బెంగళూరులో ఉన్నాయన పేరు మీదే ఉంటుంది.

తిండి అంటే బియ్యం మూట ఒకటేనా?

2013 ఆహార భద్రత చట్టం వచ్చాక ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు అయింది. ఇది చిన్న విషయం కాదు. ఆ చట్టంలో ఇంకో మంచి మాట ఉంది: రేషన్ కార్డుకు ఇంటి పెద్దగా 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామె పేరే ఉండాలి. భూమి కాగితంలో దొరకని పెద్దరికం బియ్యం కార్డులోనైనా దొరికింది.

కానీ కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో 57.6 శాతం. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 57 శాతం, అదే వయసు మగవాళ్లలో 25 శాతం. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండిన కూడు తిని ఇంత తేడా ఉందంటే, ఆ కూడు ఎవరి కంచంలోకి ఎంత పోతోందో ఆలోచించాలి. ఆడవాళ్ల ఒంటికి ఇనుము ఎక్కువ అవసరం, అది నిజమే. ఎక్కువ అవసరమైనవాళ్లు అందరూ తిన్నాక చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినడం కూడా అంతే నిజం.

వాతావరణ మార్పు ఈ గాయం మీద కారం చల్లుతోంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఏమవుతుందో పొలాల్లోనే పరీక్షించి చూశారు. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, ఈ శతాబ్దం మధ్యకి వస్తుందనుకునే స్థాయిలో ఆ వాయువు ఉంటే, వరి, గోధుమ గింజల్లో ఇనుము, జింకు, మాంసకృత్తులు తగ్గుతాయి. పప్పు జాతి గింజల్లో కూడా ఇనుము, జింకు తగ్గుతాయి. జొన్న, మొక్కజొన్న మీద మాత్రం ఈ ప్రభావం అంతగా లేదు. వీటిది గాలిని వాడుకునే పద్ధతే వేరు. మన సజ్జ, రాగి, కొర్ర కూడా జొన్న పద్ధతివే. అంటే వదిన కొట్లాడి వేసిన ఆ నాలుగు సాళ్ల సద్ద కరువుకు నిలబడేది మాత్రమే కాదు, రేపు ఒంట్లో నెత్తురు నిలబెట్టేది కూడా అదే కావచ్చు.

ఇంకొకటి మనం అసలు లెక్కే వేయనిది: చేలో తనంతట తాను మొలిచే కూరలు. పొన్నగంటి, గునుగు, తుమ్మి, దొగ్గలి, చెంచలి. పొద్దున కలుపుకు పోయిన ఆడవాళ్లు సాయంత్రం కొంగున కట్టుకొచ్చే కూరలు ఇవి. సంతలో అమ్మరు, ఏ పంట లెక్కలోనూ ఉండవు. కూరగాయలు కొనలేని రోజుల్లో పిల్లల కంచంలో ఆకుకూర ఇదే. కలుపు మందు కొట్టిన చేలో ఇది ఒక్క మొలకా మిగలదు. కలుపు మందు కూలి ఖర్చు మిగిల్చిందని మగాయన లెక్క. కూలీ పోయింది, కూరా పోయింది అని ఆడామె లెక్క. ఈ రెండో లెక్క ఎక్కడా రాసుకోలేదు. మన ప్రకృతి సేద్యం చేలల్లో ఈ కూరలు మళ్లీ వస్తున్నాయి. ఇది మనం గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం. జీవామృతం గురించి పది వీడియోలు చేస్తే, వీటి గురించి ఒకటైనా చేశామా?

మన లెక్కలో తప్పు

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఇది చదివి కొంతమందికి కోపం రావచ్చు.

మనం అందరికీ చెప్పే మొదటి మాట ఏంది? "యూరియా లేదు, పురుగు మందు లేదు, పెట్టుబడి దాదాపు సున్నా." ఖర్చు తగ్గిన మాట నిజం. కానీ అంగట్లో కొనే మూట ఆగిపోతే, ఆ మూట చేసే పని ఎవరో ఒకరు చేయాలి కదా. ఎవరు చేస్తున్నారు?

ఒక చిన్న లెక్క. ద్రవజీవామృతం ఎకరాకు 200 లీటర్లు, 15 రోజులకు ఒకసారి. వదినా వాళ్లకు 3 ఎకరాలు, అంటే ఒక విడతకు 600 లీటర్లు. నాలుగు నెలల పంటకు 8 విడతలు, మొత్తం 4,800 లీటర్లు. 10 లీటర్ల బకెట్టుతో అయితే 480 సార్లు మోయాలి. దాదాపు 5 టన్నుల బరువు. ఇది చల్లడానికి మాత్రమే. డ్రమ్ము నింపడానికి నీళ్లు తేవాలి. ఎకరాకు 10 కిలోల పేడ ఎత్తాలి, పొద్దున్నే గంజు పట్టాలి, పప్పు పిండి విసరాలి, రోజుకు రెండు పూటలా కలియబెట్టాలి. ఘనజీవామృతం తట్టలతో మోయాలి, వేపాకు దంచాలి, కషాయం ఉడకబెట్టాలి, ఆచ్ఛాదనకు ఆకు అలము తేవాలి. కలుపు మందు మానేశాం కాబట్టి కలుపు చేత్తో తీయాలి. ఇందులో ఎక్కువ భాగం ఎవరు చేస్తున్నారో మీ ఇంట్లోనే చూడండి.

నేనూ నా పొలం ఖర్చు పుస్తకం తీసి చూశాను. బెల్లం రాశాను, పప్పు పిండి రాశాను, ట్రాక్టరు బాడుగ రాశాను. మా అమ్మ, నా భార్య చేసిన పని ఒక్క రోజు కూడా రాయలేదు. పైగా "ఎకరాకు ఇంతే ఖర్చు" అని వేదికలెక్కి చెప్పాను. ఖర్చు తగ్గలేదండీ. కొంత తగ్గింది, కొంత మా ఇంటి ఆడవాళ్ల నడుముల్లోకి మారింది. పుస్తకంలో రాయనంత మాత్రాన అది సున్నా అవుతుందా?

ఎండలు పెరిగే కొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. 2015 మే వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి ఎండలు తగ్గింది లేదు. ప్రపంచ సగటు వేడి పాత కాలం కన్నా ఒకటిన్నర డిగ్రీ దాటిన మొదటి సంవత్సరం 2024. దుక్కి ట్రాక్టరుకు మారింది, కోత మిషనుకు మారింది. మిషన్లు ఎక్కువగా తీసుకున్నది మగవాళ్ల పని. వంగి చేసే కలుపు, ఏరుడు, మోత మాత్రం ఆడవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. కడుపుతో ఉన్న ఆడబిడ్డ మిట్టమధ్యాహ్నం కలుపులో ఉంటుంది. కూలి మాత్రం మగాయన కన్నా తక్కువ.

దీనికి మందు ప్రకృతి సేద్యం మానేయడం అనుకోకండి. రసాయనాల సేద్యంలో ఆమె పరిస్థితి బాగుందని ఎవరూ అనలేరు. పత్తి చేలో మందు నీళ్లు తెచ్చి డ్రమ్ములో పోసిందీ ఆమే, మందు కొట్టిన గుడ్డలు ఉతికిందీ ఆమే. నేను అనేది ఒకటే. మనది అందరికన్నా మంచి దారి అని చెప్పుకుంటున్నప్పుడు, లెక్క కూడా అందరికన్నా నిజాయితీగా ఉండాలి.

"ఎవరి పేరున ఉంటే ఏముంది, అంతా ఒక ఇల్లే కదా"

ఈ మాట చాలాసార్లు విన్నాను. నేనూ అన్నాను. ఇల్లు సజావుగా ఉన్నన్నాళ్లు ఏమీ తేడా ఉండదు. వాన తప్పిన ఏడు తేడా తెలుస్తుంది.

పల్లెల్లో పని చేసే ఆడవాళ్లలో ప్రతి నలుగురికి సుమారు ముగ్గురు సేద్యం పనిలోనే ఉన్నారు. కానీ 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 100 కమతాలు ఉంటే ఆడవాళ్లు నడుపుతున్నట్టు రాసినవి సుమారు 14 మాత్రమే. పంట అప్పు, పీఎం కిసాన్ 6 వేలు, పంట నష్టం డబ్బు, అన్నీ కాగితం మీద పేరును వెతుక్కుంటూ పోతాయి. పని చేసిన చేతిని వెతుక్కుంటూ రావు.

చట్టం లేదా? మన తెలుగు నేలకు ఈ విషయంలో మంచి చరిత్రే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన సవరణ మన దగ్గర 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. 40 ఏళ్లు అయింది. మీ ఊళ్లో ఎంతమంది ఆడబిడ్డలకు చేను పంచారో లెక్కపెట్టి చూడండి. "కట్నం ఇచ్చేశాం కదా" అంటారు. కట్నం అల్లుడికి, వియ్యంకుడికి పోతుంది. చేను అయితే ఆమె చేతిలో ఉంటుంది.

2007లో వచ్చిన జాతీయ రైతు విధానం రైతు అంటే భూమి యజమాని ఒక్కడే కాదు, కౌలుదారు, కూలి, పశువుల కాపరి కూడా అని రాసింది. స్వామినాథన్ గారు మహిళా రైతుల హక్కుల బిల్లును 2012లో రాజ్యసభలో పెట్టారు. అది చర్చకు నిలవకుండానే మురిగిపోయింది. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇవ్వచ్చు, కానీ యజమాని సంతకం కావాలి. మగ కౌలు రైతుకే ఆ సంతకం దొరకడం గగనం. ఒంటరి ఆడమనిషి ఎంతమంది గడప తొక్కాలి?

ఇంకో పక్క కూడా చెప్పాలి. కాగితం మగాయన ఒక్కడి పేరున ఉంటే అప్పు కూడా ఆయన ఒక్కడి నెత్తినే ఉంటుంది. మా జిల్లాలో అప్పులకు తాళలేక రైతు ప్రాణం తీసుకున్న ఇళ్లలో, ఎంత అప్పు ఉందో, ఎవరి దగ్గర ఉందో భార్యకు ఆయన పోయాకే తెలిసిన ఇళ్లు ఉన్నాయి. పేరు, లెక్క, నిర్ణయం ఇద్దరి మధ్య ఉండి ఉంటే ఆ బరువూ ఇద్దరి మధ్య ఉండేది. ఆడవాళ్లకు న్యాయం అంటే మగవాళ్ల మీద పోట్లాట అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించండి.

చేసి చూపించినవాళ్లు ఉన్నారు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అక్కడి సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు. బీడు పడిన భూముల్ని సాగులోకి తెచ్చారు. ఒక్కో చేలో పదుల రకాల విత్తనాలు కలిపి వేశారు. ఊరి విత్తనాల ఇళ్లు పెట్టుకున్నారు. 1990ల్లోనే జొన్నలు ఊళ్లోనే పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. బయట నుంచి బియ్యం లారీ రావాల్సిన పని లేకుండా, ఆ ఊరి ఎండకు, ఆ ఊరి నేలకు సరిపడే రేషన్ అది.

ఇంకో విషయం, వీడియోలు చేసే నాలాంటివాళ్లు సిగ్గుతో నేర్చుకోవాల్సింది. ఆ సంఘాల ఆడవాళ్లు కెమెరా వాళ్లే పట్టుకుని సినిమాలు తీశారు. 2008లో వాళ్ల సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లెవరూ "మాట్లాడేకి రాదు" అనలేదు. అడిగేవాళ్లు, వినేవాళ్లు ఉంటే ఎవరూ అనరు.

మన ఆంధ్రలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా డ్వాక్రా సంఘాల భుజాల మీదే ఊరూరా పాకింది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చిందంటే అందులో సింహభాగం ఆ అక్కలది. మనకు ఒక పెద్ద బలం ఉంది: ప్రతి ఊళ్లో పొదుపు చేసుకుని, లెక్కలు రాసుకుని, బ్యాంకు మెట్లు ఎక్కి అలవాటైన ఆడవాళ్లు ఉన్నారు. ఆ సంఘాలను కషాయాలు తయారు చేసే చోటుగా మాత్రమే చూడకూడదు. ఏ చేలో ఏ పంట వేయాలో నిర్ణయించే చోటు కావాలి.

ఈ ఖరీఫ్‌కే మొదలుపెడదాం

పెద్ద పెద్ద చట్టాలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన చేతిలో ఉన్నవి కొన్ని చెప్తాను.

ఒకటి, ఖర్చు పుస్తకంలో ఇంటి ఆడవాళ్ల పని రోజులు రాయండి. ఊళ్లో కూలి ఎంత ఉంటే అంత, మగాళ్ల రేటుతోనే వేయండి. అప్పుడు ఎకరాకు ఖర్చు పెరిగినట్టు కనపడుతుంది. కనపడనివ్వండి. సరుకు ధర అడిగేటప్పుడు ఆ లెక్కే మనకు బలం.

రెండు, మోత తగ్గించండి. ద్రవజీవామృతం వడకట్టి డ్రిప్పు ద్వారానో, పారే నీళ్ల కాలువలోనో వదలండి. డ్రమ్ము గట్టు మీద ఎత్తులో పెట్టి పైపు వేయండి. చక్రాల కలుపు గొర్రు, చిన్న బండి కొనండి. ఏ రెండూ కుదరకపోతే బకెట్టు మీరూ పట్టుకోండి.

మూడు, ఆడవాళ్లు అడిగిన సాళ్లు వాళ్లకు వదలండి. సజ్జ, కొర్ర, అలసంద, అనుములు, ఆముదం, నాలుగు గోంగూర మొక్కలు. అమ్మకానికి కాదు, ఇంటి తిండికి. వాన తప్పితే అదే బీమా.

నాలుగు, ఈ-పంట నమోదుకు, బ్యాంకుకు, రైతు సేవా కేంద్రానికి ఇద్దరూ పోండి. కొత్తగా కొనే చేను, పంచుకునే చేను కొంతైనా ఆమె పేరున రాయించండి. ఊళ్లో ఒంటరి ఆడవాళ్లు, కౌలుకు చేసే సంఘాలు ఉంటే, మీ బీడు భూమి కౌలుకిచ్చి ఆ కార్డు మీద సంతకం పెట్టండి. మీ భూమి ఎక్కడికీ పోదు.

ఐదు, ఇంట్లో అందరూ కలిసి ఒకేసారి తినండి. ఇది సేద్యం సలహా కాదు అనుకుంటారేమో. పండించిన తిండి ఎవరి ఒంటికి చేరుతోందో చూసుకోని సేద్యం సగం సేద్యమే.

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. మంచిదే. శాలువా కప్పిన మర్నాడు ఆమె మళ్లీ అదే బకెట్టు ఎత్తితే, పాసు పుస్తకంలో పేరు లేకపోతే, ఆ సంవత్సరం పేరుకే.

చివరిగా ఒక మాట. మొన్న మళ్లీ వదిన దగ్గరికి పోయాను. వచ్చే వీడియోలో సద్ద, అలసంద విత్తనం ఎట్లా దాచుకోవాలో ఆమే చెప్తానంది. "అయితే ఆ పూట జీవామృతం ఎవరు పోస్తారు?" అని అడిగింది. అన్న కాసేపు నవ్వి, "నేనే పోస్తాలే" అన్నాడు. కెమెరా ఎటు తిప్పాలో ఈసారి నాకు తెలుసు.

మీ ఇంట్లో ఆ బకెట్టు ఎవరు మోస్తున్నారో ఈ రోజు సాయంత్రం ఒకసారి చూడండి.